జానీ క్లెగ్ రికార్డులు: జముకు ఎరిగిన చెవికి ఏది ముందు, ఏది తరువాత

దక్షిణాఫ్రికా గాయకుడు జానీ క్లెగ్ పేరు విన్నవాళ్ళలో చాలామందికి తెలిసింది ఒక్క పాటే. 'అసింబొనాంగా', మండేలా పాట. ఫోన్‌లో ఏ పాటల యాప్ తెరిచి వెతికినా ముందు అదే వచ్చి కూర్చుంటుంది. మంచి పాటే. కానీ అక్కడ మొదలుపెడితే మనిషి సగమే దొరుకుతాడు. అది 1987లో వచ్చిన 'థర్డ్ వరల్డ్ చైల్డ్' ఆల్బమ్‌లోది. అప్పటికే ఆయన రికార్డులు చేయడం మొదలై పదేళ్ళు దాటింది. అసలు సరుకంతా ఆ పదేళ్ళలోనే ఉంది. శ్రీకాకుళం, విజయనగరం పక్క జముకు అనే ఒంటితీగ వాద్యంతో చెప్పే జముకుల కథ, తప్పెటగుళ్ళు విన్న చెవులకి ఆ పాత రికార్డులే తొందరగా పడతాయి.

మనిషి గురించి నాలుగు ముక్కలు. 1953లో ఇంగ్లండులో పుట్టాడు, చిన్నప్పుడే తల్లితో జొహానెస్‌బర్గ్ చేరాడు. పధ్నాలుగేళ్ళ వయసులో చార్లీ మ్జీలా అనే జులూ జాతి కార్మికుడి దగ్గర గిటారు పట్టాడు. మ్జీలాకి పగలు అపార్టుమెంట్లు ఊడ్చి తుడిచే పని, సాయంత్రం వీధిలో వాద్యం. తరువాత తోటపని చేసుకునే సిఫో మ్చూను జత కలిశాడు. అపార్తీడ్ అనే వర్ణవివక్ష చట్టాల కింద, తెల్లవాడు నల్ల కూలీలుండే హాస్టల్లో అడుగుపెడితే నేరమైన రోజులవి. పదిహేనేళ్ళకే పోలీసులు పట్టుకున్నారు. మరోపక్క విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయంలో సామాజిక మానవశాస్త్రం చదివాడు, కొన్నేళ్ళు పాఠాలు చెప్పాడు, జులూల ఇషిషామెని నాట్యం మీద వ్యాసం రాశాడు. 2019 జులై 16న క్లోమ కాన్సర్‌తో పోయాడు.

బృందాలు రెండు. సిఫోతో కట్టింది 'జులూకా'. ఆ మాటకి చెమట అని అర్థం, సిఫో దగ్గరున్న ఒక ఎద్దు పేరు కూడా అదే. 1985లో సిఫో ఊరికి, పశువుల దగ్గరకి తిరిగి వెళ్ళిపోయాడు. మరుసటి ఏడు క్లెగ్ 'సవూకా' మొదలుపెట్టాడు. సవూకా అంటే 'మేం లేచాం'. రికార్డు అట్ట మీద ఏ పేరుందో చూస్తే లోపల ఏ రకం శబ్దం ఉందో సగం తెలిసిపోతుంది. జులూకాలో గిటారు తీగ ముందుంటుంది. సవూకాలో కీబోర్డు ముందుంటుంది.

మొదట వినాల్సింది 1979 నాటి 'యూనివర్సల్ మెన్'. ఇది వలసకూలీల రికార్డు. ఊళ్ళో పశువులు, పెళ్ళాం, పిల్లలు. ఏడాదిలో ఎక్కువ రోజులు మగవాళ్ళు జొహానెస్‌బర్గ్ గనుల్లో, హాస్టళ్ళలో. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస స్టేషన్లలో సంచులతో జనరల్ బోగీ ఎక్కేవాళ్ళని, బోట్ల మీద పనికి గుజరాత్‌లోని వెరావల్ పోయే మత్స్యకారులని చూసినవాళ్ళకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. అయితే తేడా ఒకటి మనసులో పెట్టుకోవాలి. ఇక్కడి వలస వెనక అప్పు, కూలిరేటు, పని లేకపోవడం ఉన్నాయి. అక్కడ అప్పట్లో వీటన్నిటి మీదా పాస్ చట్టం ఉండేది. నల్లవాడు పట్నంలో ఉండాలంటే పాస్‌బుక్కు జేబులో ఉండాలి. పని పోతే ఊరికి పోవాలి. హాస్టల్లో భార్యాబిడ్డలకి చోటు లేదు. ఈ సంగతి తెలియకుండా వింటే ఆ పాటలు ఉత్త విరహగీతాల్లా ఉంటాయి.

అందులోని 'ఇన్‌కున్‌జి అయిహ్లాబి ఎన్‌గొకుమిసా' పాటని రెండుసార్లు వినండి. అదొక జులూ సామెత. కొమ్ములు నిలబడ్డ తీరు చూసి ఎద్దు పొడుస్తుందని చెప్పలేం అని దాని భావం. చిన్న ఎద్దు పెద్ద ఎద్దుని ఓడించొచ్చు అన్నమాట. సర్కారు మీద ఒక్క మాట లేదు, సెన్సారుకి పట్టుకోవడానికి పిలక దొరకదు. విన్న కూలీకి మాత్రం పెద్ద ఎద్దు ఎవరో తెలుసు. ఈ రికార్డుకి లోపం లేకపోలేదు. స్టూడియో జాజ్ వాద్యకారులు కొన్నిచోట్ల అంచులు మరీ నున్నగా చెక్కేశారు. గరుకు కావలసిన చోట పాలిష్ పడింది.

రెండోది 1981 నాటి 'ఆఫ్రికన్ లిటనీ'. ఇందులో 'ఇంపి' ఉంది. 1879 జనవరి 22న ఇసాండ్ల్వానా దగ్గర జులూ సైన్యం బ్రిటిష్ దండుని తుడిచిపెట్టిన యుద్ధం పాట. బొబ్బిలి కథ ఓడిన పక్షం వీరగాథ. 1757 జనవరి 24న కోట పడిపోయిన రోజు దగ్గరే మన గొంతు జీరపోతుంది. 'ఇంపి' గెలిచిన పక్షం పాట, అందుకే దాని నడకలో కేక ఉంది. ఆ గెలుపు ఆర్నెల్లు కూడా నిలవలేదనుకోండి. అదే ఏడు జులైలో ఉలుండి దగ్గర జులూ రాజ్యం కూలిపోయింది. ఇప్పుడు ఈ పాటని దక్షిణాఫ్రికా ఆటమైదానాల్లో జనం ఎగిరి పాడుతుంటారు.

1982 నాటి 'ఉబుహ్లే బెంవేలో' మొత్తం జులూలోనే ఉంటుంది. మాట పట్టుకుని పాటలోకి వెళ్ళేవాళ్ళకి ఇది కష్టం, వాద్యకారులకి మాత్రం ఇదే పాఠ్యపుస్తకం.

ఈ పాటల్లో నిరసన ఎక్కడుంది అని అడిగేవాళ్ళుంటారు. అడగడం సబబే, ఎందుకంటే ఈ నేల మీద నిరసన పాటంటే ఒక లెక్క ఉంది. సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథని శ్రీకాకుళ రైతాంగ ఉద్యమం కోసం వాడింది ఇక్కడే. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లి నుంచి వచ్చిన వంగపండు ప్రసాదరావు కూలివాడి యాసనే పాట చేశాడు. వాళ్ళ మాట సూటిగా తగులుతుంది. తొలి క్లెగ్ దగ్గర ఆ సూటిదనం వెతికితే దొరకదు. అక్కడ నేరం మాటలో లేదు, కలయికలో ఉంది. అప్పటి దక్షిణాఫ్రికా ప్రభుత్వ రేడియోలో ఒక్కో భాషకి ఒక్కో స్టేషను. జులూ స్టేషన్లో జులూయే, ఇంగ్లీషు స్టేషన్లో ఇంగ్లీషే. చరణం ఇంగ్లీషులో, పల్లవి జులూలో ఉన్న పాట ఏ స్టేషనుకీ చెందదు. రెండు భాషలు కలిపి జులూ భాషని కించపరిచారని కూడా వంక పెట్టారు. తెల్లవాడూ నల్లవాడూ ఒకే వేదిక మీద వాయిస్తే హాలుకి పోలీసులు. అందుకని చర్చి హాళ్ళలో, విశ్వవిద్యాలయాల్లో, హాస్టళ్ళలో ప్రదర్శనలు. ఒక తెల్లవాడు నల్ల తోటమాలి దగ్గర శిష్యరికం చేసి, అతని పక్కన కాలెత్తి నేల తన్నడమే ఆ వర్ణవివక్ష చట్టానికి చెంపపెట్టు.

ఇక వాద్యం సంగతి. జులూ పల్లెగిటారు శైలిని మస్కాండి అంటారు. ఆఫ్రికాన్స్ భాషలో వాద్యకారుణ్ణి అనే 'ముసికాంట్' మాట జులూ నోట్లో నలిగి అలా అయింది. పాట మొదట్లో ఇసిహ్లాబో వస్తుంది. తాళం పట్టకుండా తీగల మీద జారే చిన్న ఆలాపన అది. శ్రుతి కుదిరిందో లేదో చూసుకోవడం, ఈ పాట స్వరాలు ఇవీ అని వినేవాడికి చూపించడం, రెండు పనులూ అందులోనే. మధ్యలో ఇజిబొంగో. వాద్యం ఆగదు, గుక్క తిప్పుకోకుండా తన ఊరు, వంశం, పరాక్రమం గబగబా అప్పజెప్పేస్తాడు. జముకుల కథలో పాట ఆపి వచనం అందుకునే చోటు గుర్తొస్తుంది. ఇంకా లోపలికి పోతే పోలిక మరీ దగ్గర. జులూ సంగీతానికి మూలం ఒంటితీగ విల్లు. తీగ విడిగా మోగితే ఒక స్వరం, నొక్కితే ఇంకొకటి, ఆ రెండింటి మధ్య ఊగడమే పాటకి పునాది. మన జముకులోనూ తోలు నడుమ నుంచి వచ్చే నరం ఒక్కటే, దాన్ని లాగుతూ వదులుతూ మీటడమే పని.

ఆ చేతిని ఇంట్లో ఉన్న మామూలు ఆరు తీగల గిటారు మీద పట్టుకోవచ్చు. ముందు మామూలుగా శ్రుతి చేయాలి: మందం తీగ నుంచి ఇ, ఎ, డి, జి, బి, ఇ. మస్కాండిలో తరచుగా వాడే పద్ధతిలో అన్నిటికంటే సన్నదైన ఒకటో తీగని ఇ నుంచి డి కి దించుతారు, అంటే 329.6 హెర్ట్జ్ నుంచి 293.7 కి. శ్రుతి చూసే యాప్ లేకపోయినా ఫరవాలేదు. రెండో తీగని మూడో ఫ్రెట్ (గిటారు మెడ మీది గడి) దగ్గర నొక్కి మోగిస్తే వచ్చే స్వరం, విడిచిన ఒకటో తీగ ఒకటే పలకాలి. ఇప్పుడు పై మూడు తీగలు విడిగా మీటితే జి, బి, డి. జి ని షడ్జమం అనుకుంటే స, గ, ప. ఎడమచెయ్యి ఖాళీగా ఉన్నా చక్కగా కలుస్తాయి. పాట పైనుంచి కిందికి దిగడం జులూ బాణీ, కాబట్టి పై పంచమం విడితీగగా దొరకడం పెద్ద సదుపాయం.

బొటనవేలికి ఆరో తీగ అప్పగించాలి. మూడో ఫ్రెట్‌లో జి, ఒకటో ఫ్రెట్‌లో ఎఫ్. విల్లు మీది రెండు స్వరాలు ఇవే అనుకోండి. నాలుగు దెబ్బలు జి మీద, నాలుగు ఎఫ్ మీద. చూపుడువేలు పై తీగల మీద పాటని కిందికి దించుతూ ఉంటుంది. ప్లెక్ట్రమ్ వద్దు, మిగతా వేళ్ళూ వద్దు, రెండు వేళ్ళే. నిమిషానికి 70 దెబ్బల దగ్గర మొదలుపెట్టి, బొటనవేలు తనంతట తాను నడిచేదాకా వేగం పెంచకూడదు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. పాట చూపుడువేలిదని అనుకుని దాని మీదే ధ్యాస పెడతారు, బొటనవేలు తడబడుతుంది, అప్పుడది ఎవరో పాఠం ఒప్పజెప్పినట్టు ఉంటుంది.

దించిన తీగతో ఇంకో చిక్కు. రెండు అర్ధస్వరాలు దించితే బిగువు సుమారు ఐదో వంతు తగ్గుతుంది. 0.010 అంగుళాల మందం తీగ అయితే జీరగా కొట్టుకుంటుంది, గట్టిగా మీటితే శ్రుతి పైకి ఎగిరి కిందికి జారుతుంది. ఆ ఒక్కదాన్నీ 0.012 కి మారిస్తే సరిపోతుంది, సెట్టంతా మార్చక్కర్లేదు. కళింగపట్నం, భావనపాడు వైపు ఉప్పుగాలికి ఉక్కుతీగ తుప్పు పట్టడం ఎలాగూ తప్పదు. వాయించాక పొడిగుడ్డతో తుడవాలి. తుప్పుతీగ ముందు మెరుపు పోగొట్టుకుంటుంది, తరువాత పై ఫ్రెట్లలో అపశ్రుతి పలుకుతుంది. శ్రుతి చేయడం రావడం లేదని వాపోయేవాళ్ళలో సగంమందికి కావలసింది కొత్త తీగ.

గొంతు విషయం. పై లెక్కలో షడ్జమం జి, అంటే ఐదు కట్టె. ఆడగొంతుకి సుఖం. ఒకటో కట్టెలో పాడే మగవాళ్ళు ఐదో ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే బిళ్ళ) బిగిస్తే వేళ్ళ పని మారకుండా సి కి వస్తుంది. జముకు కలిపేట్టయితే నరాన్ని బొటనవేలి రెండు స్వరాల మధ్యే తిప్పమనాలి. కథ చెప్పేటప్పుడు లాగినట్టు పొడుగ్గా జారిస్తే గిటారు గాంధారంతో కొట్టుకుంటుంది. డప్పు కలిపితే సెగ దగ్గరలో ఉండాలి. మంచు పడే రాత్రి తోలు దిగజారిందంటే గిటారు ఎంత బాగా శ్రుతిలో ఉన్నా మొత్తం మీద ఏదో తప్పినట్టు వినిపిస్తుంది.

గిటారు పరాయి వాద్యం కదా, సంప్రదాయం ఎలా అవుతుంది అనే మాట విజయనగరంలో చెల్లదు. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరు, ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ మోగిన ఊరు. యూరప్ వయొలిన్‌ని స, ప, స, ప కి శ్రుతి మార్చి, భుజం మీంచి దించి, తల పాదం మీద ఆనించి మనం మనది చేసుకున్నాం. జులూలు గిటారుకి చేసింది అదే. క్లెగ్ వాయించిన కాన్సర్టినాదీ అదే కథ. చేతుల్లో ఇమిడే చిన్న తిత్తి వాద్యం అది. దుకాణం నుంచి వచ్చింది వచ్చినట్టు వాయించరు, విప్పి లోపలి పలకల చోట్లు తమ స్వరాలకి తగ్గట్టు మార్చుకుంటారు.

వినే పరికరం గురించి చెప్పకపోతే ఈ సమీక్ష అబద్ధమవుతుంది. ఫోన్ స్పీకర్లో ఈ రికార్డులు వినడం దండగ. జాతర్లలో కట్టే హారన్ మైకులూ అంతే. వాటికి సుమారు 300 హెర్ట్జ్ దిగువన గొంతు ఉండదు. బొటనవేలు పలికించే జి 98 హెర్ట్జ్. అంటే పాటలో సగం మాయమైపోయి, పైన చూపుడువేలి కిచకిచ మిగులుతుంది. జులూ బృందగానంలో మగవాళ్ళ మంద్రం పునాది, అదీ పోతుంది. తీగ ఉన్న మామూలు ఇయర్‌ఫోన్ దీనికంటే వెయ్యిరెట్లు నయం. నలుగురికి వినిపించాలంటే బాక్స్ స్పీకర్లు పెట్టి, బాస్ పెంచకుండా ఉన్నదున్నట్టు వదిలేయాలి. డీజే అలవాటుతో బాస్ పైకి తోస్తే బేస్ గిటారు ఉబ్బి, సిఫో గిటారుని మింగేస్తుంది.

1983 నాటి 'వర్క్ ఫర్ ఆల్' నాటికి మాట సూటి అయింది. పేరే అందరికీ పని అని. ఇక్కడి చెవికి వంగపండు పక్కన నిలబడగల జులూకా రికార్డు ఇదొక్కటే. పాటలన్నీ సమానం కావు, కొన్ని రేడియో కోసం పొట్టి చేసినట్టున్నాయి. దీనికంటే ముందు వచ్చిన 'స్కాటర్లింగ్స్' మాత్రం తొందరేం లేదు. పేరున్న పాట ఒకటి పెట్టుకుని మిగతాది తరువాత చూసుకోవచ్చు.

ఇప్పుడు రావాలి 'థర్డ్ వరల్డ్ చైల్డ్' దగ్గరకి. కీబోర్డు, డ్రమ్ముల శబ్దం 1987 దగ్గరే ఆగిపోయింది, ఇవాళ వింటే పాత సినిమా సెట్టులా ఉంటుంది. 'స్కాటర్లింగ్స్ ఆఫ్ ఆఫ్రికా'ని ఇందులో మళ్ళీ చేశారు. పాత పాటే మేలు, కొత్తదాంట్లో ఊపిరి తక్కువ. 'అసింబొనాంగా' మాత్రం ఆ శబ్దాన్ని దాటి నిలబడుతుంది. ఆ మాటని విడగొట్టి చూడండి: అ, సి, మ్, బొన్, అంగా. కాదు అనేది ముందో ముక్క వెనకో ముక్క, నడుమ మేము, అతన్ని, చూడటం. మేం అతన్ని చూళ్ళేదు. తెలుగువాడికి ఇలా ముక్కలు అతికే భాష కొత్త కాదు. చూడకపోవడం కవిత్వం కోసం అన్నది కాదు. మండేలా ఫొటో అచ్చువేయడమే నిషేధం, ఒక తరం ఆయన మొహం తెలియకుండా పెరిగింది.

పాట చివర్లో మూడు పేర్లు పిలుస్తారు. స్టీవ్ బీకో, 1977లో పోలీసు నిర్బంధంలో చనిపోయాడు. విక్టోరియా మ్‌కెంగే, న్యాయవాది, 1985లో హత్యకు గురైంది. నీల్ ఆగెట్, కార్మిక సంఘాల్లో పనిచేసిన డాక్టరు, 1982లో నిర్బంధంలో చనిపోయాడు. మ్‌కెంగే అన్నప్పుడు నడుమ చెంపలోంచి ఒక చప్పుడు వస్తుంది, రికార్డు గీత పడిందనుకోకండి. బండెద్దుని అదిలించేటప్పుడు నాలుక పక్కన చేసే చప్పుడే అక్కడ అక్షరం. అయ్యోపాపం అంటూ మనం చేసే 'చ్చ్చ్చ్' కూడా జులూలో ఒక హల్లు.

తరువాతి రెండింటి గురించి క్లుప్తంగా. 1989లో స్నేహితుడు, మానవశాస్త్రవేత్త డేవిడ్ వెబ్‌స్టర్‌ని మే 1న కాల్చి చంపారు. అతని కోసం ఓటుహక్కు మీద చేసిన పాట 'క్రూయెల్, క్రేజీ, బ్యూటిఫుల్ వరల్డ్'లో ఉంది. ఆ ఒక్క పాట కోసమైనా ఆ ఆల్బమ్ వినొచ్చు. 1993 నాటి 'హీట్, డస్ట్ అండ్ డ్రీమ్స్' సవూకాలో అన్నిటికంటే సమంగా కుదిరింది. అందులో 'ద క్రాసింగ్' 1992లో హత్యకు గురైన బృందనర్తకుడు దుదు జులూకి నివాళి. కీబోర్డు వెనక్కి తగ్గింది, గొంతులు ముందుకొచ్చాయి. 'షాడో మ్యాన్' (1988) వదిలేసినా నష్టం లేదు. ఆ రోజుల్లోనే దక్షిణాఫ్రికాలో కచేరీలు చేస్తున్నాడని బ్రిటన్ సంగీతకారుల సంఘం ఆయన్ని వెలివేసింది. అక్కడ సర్కారు నల్లవాళ్ళతో ఆడుతున్నాడని తరిమితే, బ్రిటన్‌లో వీళ్ళు ఆ దేశంలో పాడుతున్నాడని తరిమారు.

ఒక చిన్న పక్కమాట. క్లెగ్ పాటల్లోని జులూ పల్లెలున్న నేటాల్‌కి తెలుగువాళ్ళు కొత్త కాదు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది మొదలు, చెరకుతోటలకి కూలీలుగా వెళ్ళినవాళ్ళలో ఉత్తరాంధ్ర వాళ్ళు చాలామంది. 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ కట్టుకున్నారు.

రికార్డులన్నీ అయ్యాక వీడియో తప్పదు, ఎందుకంటే సగం సంగీతం కాళ్ళలో ఉంది. 1999 ఫ్రాంక్‌ఫర్ట్ కచేరీ వెతకండి. 'అసింబొనాంగా' నడుస్తుండగా వెనకనుంచి మండేలా వేదిక మీదికి వచ్చి ఊగుతాడు, పాట మళ్ళీ పాడమంటాడు. అది చూశాక పాత జులూకా వీడియోల్లో నాట్యం చూడండి. మోకాలు మొహం దాకా లేపి పాదం మొత్తం నేలకి కొడతారు. తప్పెటగుళ్ళలో గుండె మీద వాద్యం, కాలికి గజ్జె, గెంతు తేలికగా లేస్తుంది. జులూ అడుగు బరువుగా దిగుతుంది, మద్దెల దెబ్బ పని ఆ పాదమే చేస్తుంది. సిమెంటు వేదిక మీద ఇది ప్రయత్నిస్తే చప్పుడు రాదు, మడమ నొప్పి వస్తుంది. చెక్కబల్లలు పరిచి, అడుగుకి దగ్గరగా ఒక మైకు పెట్టాలి. అది లేకుండా వాయిస్తే గిటారు ఎంత బాగున్నా, ఏదో తక్కువైందని ముందు వరసలో కూర్చున్నవాళ్ళే చెప్తారు.